ఎత్తు పెంచిన బండిని మళ్లీ కిందికి దించుతున్నాను: వి-క్రాస్ డైరీ

నవంబరు 9, ఆదివారం

ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న పని ఈ రోజు మొదలుపెట్టాను. బండి 2018 మోడల్ ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్, 2.5 లీటర్ల డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్. మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన బండే. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నాకంటే ముందు వాడినాయన దాన్ని ముందూ వెనకా ఎత్తు పెంచి పెట్టాడు, కొనేటప్పుడు నాకూ ఆ ఎత్తే నచ్చింది. కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే 225 మిల్లీమీటర్లు, నూజివీడు మామిడి తోటల దారులకి అంతకంటే ఎక్కువ అవసరమే లేదని వాడాక తెలిసింది.

దించాలని గట్టిగా అనిపించింది మాత్రం నాన్న వల్ల. ఆగస్టులో ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. పోయిన నెల తోటకి బయల్దేరుతూ డోరు తీసి పట్టుకుంటే, ఆయన ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, "నేను ఆటోలో వస్తాలేరా, నువ్వు పద" అన్నారు. సొంత బండి వాకిట్లో ఉండగా ఆయన ఆటోలో రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఇంకా రెండు కారణాలున్నాయి. ముందు ఎడమ చక్రం దగ్గర యాక్సిల్ బూటు (జాయింటుని కప్పే రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజు రిమ్ము లోపలంతా చిమ్ముతోంది. ముందు టైర్లు బయటి అంచున అరిగిపోతున్నాయి, ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా "క్యాంబర్ ఇంతకంటే రాదండీ" అంటున్నారు (చక్రం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణమే క్యాంబర్). రెండింటికీ మూలం ఆ ఎత్తే. ముందు డిఫరెన్షియల్ (ఇంజిను బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేరు పెట్టె) ఛాసిస్‌కి బిగించి ఉంటుంది కాబట్టి బండిని పైకి లేపితే డిఫరెన్షియల్ కూడా పైకి పోతుంది, చక్రం మాత్రం నేల మీదే ఉంటుంది. మధ్యలో ఉన్న యాక్సిల్ షాఫ్ట్ ఏటవాలుగా దిగాల్సి వస్తుంది, జాయింటు ఎప్పుడూ వంగే తిరుగుతుంది, బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. వెనక చక్రాలే లాగే టూ వీల్ డ్రైవ్ బండికి ముందు ఈ షాఫ్టులే ఉండవు కాబట్టి ఈ బాధ లేదు.

ఈ రోజు చేసింది కొలతలు మాత్రమే. చదునైన సిమెంటు గచ్చు మీద బండి నిలిపి, నాలుగు టైర్లలో గాలి సమానం చేసి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచాను. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, అరుగుదల, గాలి అన్నీ లెక్కలోకి వచ్చి పడతాయి, ఇలా కొలిస్తే సస్పెన్షన్ ఒక్కటే తెలుస్తుంది. ముందు 520, వెనక 565. తెలిసినాయన దగ్గర ఇదే మోడల్ మార్పులేవీ చేయనిది ఉంది, అది కొలిస్తే ముందు 470, వెనక 505. అంటే ముందు 50, వెనక 60 మిల్లీమీటర్లు దించాలి.

నవంబరు 15, శనివారం

బండి కింద పడుకుని ఏమేం మార్చారో చూశాను.

ముందు వైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్ట్రట్ పైన అల్యూమినియం బిళ్ల ఒకటి పెట్టారు. మందం 25 మిల్లీమీటర్లే. 25 బిళ్లకి 50 ఎలా లేచిందని మొదట నాకూ అర్థం కాలేదు, తర్వాత కింది ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే ఇనుప చెయ్యి) చూస్తే తెలిసింది. స్ట్రట్ కింది కొన ఆర్మ్ చివర కాకుండా దాదాపు సగంలో కూర్చుంటుంది. అక్కడ 25 జరిగితే చక్రం దగ్గర దానికి రెట్టింపు జరుగుతుంది. ఎత్తు పెంచే వాళ్లయినా దించే వాళ్లయినా ఈ లెక్క తెలియకుండా బిళ్లలు కొనకూడదు.

వెనక రెండు పనులు చేశారు. కమాన్ కట్టలో (వెనక స్ప్రింగుగా పనిచేసే వంపు ఉక్కు పట్టీల దొంతర) ఒక పట్టీ అదనంగా చొప్పించారు (మిగతావి నల్లగా తుప్పు రంగులో ఉంటే అదొక్కటే వేరే మందంలో, వేరే రంగులో కనిపిస్తోంది), ఇంకా కట్ట వెనక కొనని ఛాసిస్‌కి వేలాడదీసే షాకిల్స్ తీసేసి 50 మిల్లీమీటర్లు పొడుగున్నవి వేశారు. షాకిల్ లెక్క ముందు వైపు లెక్కకి తిరగబడి ఉంటుంది. కట్ట ఒక కొనే కిందికి దిగుతుంది, యాక్సిల్ మధ్యలో ఉంటుంది కాబట్టి 50 పెంచితే బండి లేచేది 25. మిగతా 35 ఆ కొత్త పట్టీ వల్ల. వీటికి తగ్గట్టు వెనక పొడుగు షాక్ అబ్జార్బర్లు కూడా వేశారు. ఇది ముఖ్యం. ఎత్తు దించి ఈ పొడుగువే ఉంచేస్తే పెద్ద గుంతలో పడినప్పుడు యాక్సిల్ రబ్బరు స్టాపుకి తగిలేలోపే షాక్ అబ్జార్బర్ పూర్తిగా మూసుకుపోతుంది, దెబ్బంతా దాని రాడ్డు మీదే పడుతుంది. అందుకే కంపెనీ పొడుగువే ఆర్డర్ పెట్టాను.

మా తమ్ముడు ఫోన్ చేసి, ఎలాగూ దించుతున్నావు కదా అన్నయ్యా, ఇంకో రెండంగుళాలు దించేయ్, అమెరికాలో నేలకి ఆనేలా దించుతారు చూశావా అన్నాడు. చూశాను. అక్కడ చాలావరకు టూ వీల్ డ్రైవ్ బళ్లకి కమాను కింద ఉన్న యాక్సిల్‌ని కమాను పైకి మారుస్తారు, యాక్సిల్ పైకి కిందికి ఆడటానికి చోటు చాలక ఛాసిస్‌నే చంద్రవంకలా కోసి పట్టీ వేసి అతుకుతారు. ఆ పని శ్రద్ధగా చేసిన వాళ్లంటే నాకు గౌరవమే. కానీ నా బండి ఏప్రిల్, మే నెలల్లో మామిడి ట్రేలు మోస్తుంది, వానాకాలంలో తోటలో 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే పద్ధతి) వేసుకుని నడుస్తుంది. ముందు షాఫ్టులు అటు వంగితే ఎంత చెడ్డో ఇటు వంగినా అంతే చెడ్డ. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కంపెనీ ఎత్తుకి తెస్తాను, అంతకంటే కిందికి వెళ్లను.

నవంబరు 16, ఆదివారం

వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మెలు, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు, యాక్సిల్ కింద విడిగా జాకీ. జాకీని నమ్ముకుని ఎవరూ బండి కిందికి వెళ్లకండి, స్టాండ్లు ఉంటేనే వెళ్లండి.

కమాన్ కట్టని యాక్సిల్‌కి బిగించి పట్టే యూ బోల్టులకి శుక్రవారం నుంచే తుప్పు వదిలే నూనె కొడుతూ ఉన్నాను, పెద్ద పానాకి పైపు తొడిగి లాగితే మూలుగుతూ వదిలాయి. షాక్ అబ్జార్బర్లు సులువుగా వచ్చాయి. బ్రేకు హోసు మీద, ఏబీఎస్ వైరు మీద యాక్సిల్ బరువు పడకుండా రెండింటి క్లిప్పులు ముందే విప్పి పెట్టాను. కుడివైపు షాకిల్ బోల్టు దగ్గర మాత్రం పని ఆగిపోయింది. నట్టు వచ్చేసింది, బోల్టు గిర్రున తిరుగుతోంది, బయటికి మాత్రం రాదు. రబ్బరు బుష్ లోపల ఇనుప గొట్టం ఉంటుంది, ఆ గొట్టమూ బోల్టూ తుప్పుతో కలిసిపోయి ఒకటే ముక్క అయ్యాయి. సమ్మెటతో ఎంత కొట్టినా బోల్టు తల నలిగింది తప్ప కదల్లేదు.

గ్యాస్ కటింగ్ వాళ్లని పిలుద్దామని పక్కింటి బాబాయి అన్నారు, రబ్బరు, బ్రేకు పైపులు, డీజిల్ ట్యాంకు ఉన్న చోట నాకు ధైర్యం చాలలేదు. షాకిల్ పలకకీ కమాన్ చెవికీ (కట్ట కొనన బోల్టు దూరే చుట్ట) మధ్య ఉన్న సన్నటి సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి, బ్లేడుకి గుడ్డ చుట్టి పట్టుకుని కోశాను. ఒక పక్క 40 నిమిషాలు, ఇంకో పక్క గంట, మూడు బ్లేడులు అయిపోయాయి. చేతులు బొబ్బలెక్కాయి కానీ కమాన్ చెవికి గీత కూడా పడలేదు. కొత్త బోల్టులు, కొత్త బుష్‌లు ఎలాగూ వేయాల్సిందే.

సాయంత్రానికి రెండు కట్టలూ నేల మీద ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే కుడి కట్ట ఎడమ దానికంటే పడుకుంది. డ్రైవరు కూర్చునేది కుడివైపు, ఇన్నేళ్లుగా ఆ బరువు అటే పడింది. అదనపు పట్టీ ఇన్నాళ్లూ ఈ లోపాన్ని కప్పి ఉంచింది. అది తీసేసి ఇలాగే బిగిస్తే బండి ఒక పక్కకి ఒరుగుతుంది.

నవంబరు 19, బుధవారం

సెలవు పెట్టి రెండు కట్టలూ ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టేవాళ్లు, రేడియేటర్ల వాళ్లు, కమాన్ల వాళ్లు, ఒక్కో వీధిలో ఒక్కో పని. నేను వెళ్లిన షెడ్డులో మేస్త్రీ గారికి అరవై పైనే ఉంటాయి. కట్టని చూడగానే సెంటర్ బోల్టు విప్పించి, పట్టీలన్నీ విడదీసి, వేలితో ఒక్కోదాన్ని మీటి చప్పుడు విన్నారు. పగులు ఉంటే ఆ చప్పుడు బొంగురుగా వస్తుందట. అన్నీ బాగానే మోగాయి.

వేడి చేసి వంచుతారేమో అని నా టెన్షన్. అదే అడిగాను. "వేడి చేస్తే ఇప్పుడు అందంగానే వస్తది బాబూ, ఆరు నెలల్లో మళ్లీ పడుకుంటది. దానికున్న పొగరు పోద్ది" అన్నారు. స్ప్రింగు ఉక్కుకి ఫ్యాక్టరీలో వేడి చేసి చల్లార్చి ఇచ్చిన గుణాన్ని ఆయన పొగరు అన్నారు, నాకు ఆ మాట భలే నచ్చింది.

ఆ తర్వాత జరిగింది దగ్గరగా నిలబడి చూశాను. ఎడమ కట్టలోని పెద్ద పట్టీని సిమెంటు గచ్చు మీద పక్కకి పడుకోబెట్టి, దాని వంపు వెంట సుద్దతో గీత గీశారు. కుడి పట్టీని ఆ గీత మీద పెడితే నడుమ దగ్గర వేలు దూరేంత తేడా. రెండు దిమ్మెల మీద పట్టీని లోతున్న వైపు పైకి పెట్టి, చల్లగా ఉండగానే సమ్మెటతో దెబ్బకి ఒక అంగుళం చొప్పున జరుపుతూ కొట్టుకుంటూ పోయారు. ఒక చివర నుంచి మధ్య దాకా, మళ్లీ అవతలి చివర నుంచి మధ్య దాకా. ప్రతి పది దెబ్బలకి ఒకసారి తెచ్చి సుద్ద గీత మీద పెడతారు, కన్ను మూసి చూస్తారు, మళ్లీ తీసుకెళ్తారు. ఒక్కచోటే బలంగా కొడితే పట్టీ అక్కడ మడత పడుతుంది, తర్వాత అక్కడే విరుగుతుంది. నాలుగోసారి గీత మీద పెట్టినప్పుడు సుద్ద ఎక్కడా కనిపించలేదు. మిగతా పట్టీలు కూడా ఇలాగే. ఒక్క కొలత పరికరం వాడలేదు, ఇంటికొచ్చి నేను టేపుతో చూస్తే రెండు కట్టలకీ తేడా 2 మిల్లీమీటర్లు.

అదనపు పట్టీని తూకానికి అక్కడే ఇచ్చేశాను. పాత యూ బోల్టులు చూపిస్తే అవి మళ్లీ వేయవద్దని గట్టిగా చెప్పారు, బిగించినప్పుడు అవి సాగుతాయి, రెండోసారి అదే పట్టు ఇవ్వవు. పైగా పట్టీ ఒకటి తగ్గింది కాబట్టి పాతవి పొడుగైపోయి నట్టు మర అయిపోయే చోటికి వచ్చేస్తుంది. కొత్తవి నాలుగు, కొత్త సెంటర్ బోల్టులు రెండు అక్కడే చేయించుకున్నాను.

నవంబరు 23, ఆదివారం

నిన్నా ఈ రోజూ వెనక బిగింపు. ఇక్కడ ఒక తప్పు జరిగింది, ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

సెంటర్ బోల్టు తల గుండ్రంగా కట్ట కింద పొడుచుకుని ఉంటుంది, అది యాక్సిల్ మీద ఉన్న గూడులో దిగి కూర్చోవాలి. యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా స్థానం చూపించేది అదే. ఎడమవైపు చక్కగా కూర్చుంది. కుడివైపు కూడా కూర్చుందనుకుని యూ బోల్టులు బిగించేశాను. గూడులో ఎండిపోయిన మట్టి, గ్రీజు గట్టిపడి ఉన్నట్టు నేను చూడలేదు, తల దాని మీద నిలబడింది. నాలుగు నట్లూ బిగుతుగానే ఉన్నాయి, చూడ్డానికి ఏ తేడా లేదు. చివర్లో అలవాటుగా రెండు వైపులా కమాన్ ముందు బోల్టు నుంచి యాక్సిల్ దాకా కొలిస్తే 6 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. కొలవకుండా రోడ్డు ఎక్కించి ఉంటే బండి వెనక భాగం ఒక పక్కకి జరిగి నడిచేది, ఇంకా ఘోరం ఏమిటంటే బరువు వేసినప్పుడు ఆ తల జారి కట్ట మొత్తం వదులైపోయేది. మామిడి లోడుతో ఘాట్ దిగుతున్నప్పుడు అది జరిగితే ఏమయ్యేదో తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

అంతా విప్పి, గూడు స్క్రూడ్రైవర్‌తో గీకి, డీజిల్‌తో కడిగి, మళ్లీ కూర్చోబెట్టాను. ఈసారి యాక్సిల్ కిందికి దిగేటప్పుడు తల గూడులో పడిన చప్పుడు చెవికి తెలిసింది. యూ బోల్టుల నట్లు నాలుగూ మూలలకి మూల, కొంచెం కొంచెంగా, బయటికొచ్చిన మర నాలుగింటికీ సమానంగా ఉండేలా బిగించాను. తేడా ఇప్పుడు ఒక మిల్లీమీటరు లోపే.

నవంబరు 30, ఆదివారం

ముందు వైపు పని అనుకున్నంత కష్టం కాదు. బిళ్ల స్ట్రట్ పైన, బయట ఉంది కాబట్టి స్ప్రింగుని నొక్కి పట్టే అవసరం లేదు. బిళ్ల స్ప్రింగు లోపల పెట్టిన రకం అయితే మాత్రం స్ట్రట్‌ని సరైన కంప్రెసర్ ఉన్న షాపుకి పట్టుకెళ్లండి, ఇంట్లో తాడో గొలుసో కట్టి చేసే పని కాదది. నొక్కి ఉన్న ఆ స్ప్రింగు జారితే ప్రాణం తీస్తుంది.

స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే రాడ్డుని కలిపే ముక్క) విప్పి, కింది బోల్టు తీసి, పైనున్న నట్లు వదిలితే స్ట్రట్ చేతిలోకి వచ్చింది. అయితే కింది ఆర్మ్ కావలసినంత దిగలేదు, అందుకని ఆర్మ్ ఛాసిస్‌కి ఉండే రెండు బోల్టులూ కొంచెం వదులు చేశాను. అలైన్‌మెంట్ సర్దేది వాటితోనే, విప్పే ముందు ఎక్కడున్నాయో తెల్ల పెయింటుతో గీతలు పెట్టుకున్నాను. బిళ్లలు తీసేసి స్ట్రట్‌లు నేరుగా ఎక్కించాను. చిరిగిన బూటు ఉన్న షాఫ్ట్ బయటికి తీసి పాత గ్రీజంతా తుడిచి చూస్తే జాయింటులో ఇసుక లేదు, గుంటలు పడలేదు. కొత్త బూటు, కొత్త గ్రీజు. ఇంకో నెల ఆలస్యం చేసి ఉంటే జాయింటే మార్చాల్సి వచ్చేది.

సాయంత్రం బండి నేల మీదికి దించి కొలిచాను. ముందు 488, వెనక 522. రావలసింది 470, 505.

డిసెంబరు 1, సోమవారం

రాత్రంతా ఆలోచించాను, తెల్లారేసరికి తట్టింది. బోల్టులన్నీ చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బిగించేశాను!

రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుంటుంది, బయటిది ఆర్మ్‌కో కమాన్ చెవికో అతుక్కుని ఉంటుంది, మధ్యలో రబ్బరు మెలి తిరిగి ఆ కదలికని భరిస్తుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరుకి అదే సొంత స్థానం అవుతుంది. తర్వాత బండి బరువు పడగానే తడిగుడ్డ పిండినట్టు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, బండిని పైకి తోస్తూనే ఉంటుంది. ఎత్తు పూర్తిగా దిగదు, పైగా రబ్బరు తొందరగా చిరుగుతుంది.

ఆఫీసు నుంచి వచ్చాక టార్చి పెట్టుకుని, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా కమాన్ ముందు బోల్టులు, షాకిల్ బోల్టులు, ముందు ఆర్మ్ బోల్టులు అన్నీ వదులు చేశాను. ఒక్కోటి వదులవుతుంటే బండి నిట్టూర్చినట్టు కొంచెం కొంచెం దిగింది. నాలుగు మూలలా ఊపి, పది అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, ఆ స్థితిలోనే టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచే పానా) మాన్యువల్‌లో ఉన్నంత బిగించాను. ఇప్పుడు ముందు 472, 471. వెనక 508, 506. ఇన్ని రోజుల పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఈ నాలుగు అంకెలే.

డిసెంబరు 3, బుధవారం

అలైన్‌మెంట్ అయింది, మెషిన్ తెర మీద క్యాంబర్ మొదటిసారి పచ్చ గీతలోకి వచ్చింది. ముందు కంటే వెనక కొంచెం ఎక్కువ దిగింది కాబట్టి హెడ్‌లైట్ల వెలుగు పైకి లేస్తుందని గోడ ముందు నిలిపి చూశాను, నిజంగానే లేచింది. ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా దించి పెట్టాను. మొదటి గేరులో కదిలేటప్పుడు కింద నుంచి ఒక వణుకు వచ్చేది, అది కూడా పోయింది. వెనక ఎత్తు వల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే పొడుగు గొట్టం) కోణం మారి వచ్చిన వణుకన్న మాట, నేను ఇన్నాళ్లూ క్లచ్ అనుకున్నాను.

నాన్న నిన్న తోటకి ముందు సీట్లో వచ్చారు. హ్యాండిల్ పట్టుకుని, ముందు బాగున్న కాలు మెట్టు మీద పెట్టి ఎక్కారు. నేను భుజం అందించబోతే వద్దన్నారు.

డిసెంబరు 14, ఆదివారం

480 కిలోమీటర్లు తిరిగింది. మధ్యలో ఒకసారి పది ఎరువు బస్తాలు వేసుకుని చెరువు కట్ట మీదుగా వచ్చాను, వెనక రబ్బరు స్టాపు తగల్లేదు. కొత్త యూ బోల్టులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటాయి కాబట్టి ఈ రోజు మళ్లీ టార్క్ రెంచి పెట్టాను. ఎడమవైపు నాలుగూ కదల్లేదు. కుడివైపు వెనక నట్టు ఒకటి పావు చుట్టు తిరిగింది. బిగించి, ఎనిమిది నట్ల మీదా యాక్సిల్ ప్లేటు దాకా పసుపు పెయింటుతో అడ్డగీత గీశాను, నట్టు కదిలితే గీత తెగి కనిపిస్తుంది. వచ్చే నెల సంక్రాంతికి బయల్దేరే ముందు మళ్లీ కిందికి దూరి చూస్తాను.